అప్పన్న బాబాయి జాలి పాట

1988 ఆగస్టు. మా ఊరిని ఇంకా రంగూన్ అనే పిలుస్తున్న రోజులు. నేను అక్కడ ఒక పెద్ద ఆసుపత్రిలో ఫిజియోథెరపీ వార్డు నర్సుని. అప్పటికి పన్నెండేళ్ళ సర్వీసు. ఫిజియోథెరపీ అంటే సూదీ మందూ లేకుండా, చేత్తో పట్టి, కాలూ చెయ్యీ ఆడించి, పడిపోయిన మనిషిని మళ్ళీ నిలబెట్టే పని. "లేపడం నా వృత్తి" అని చెప్పుకునేదాన్ని, కొంచెం గర్వంగానే. ఆ గర్వం ఆ ఏడాదే దిగింది. అదీ ఏ ఇంగ్లీషు పుస్తకం దగ్గరో కాదు, పుట్టినప్పటినుంచీ నేను మాట్లాడుతున్న తెలుగులో ఒక్క మాట దగ్గర.

ఆ నెల మొదట్లో, సైనిక పాలన పోవాలని ఊరంతా రోడ్డు మీదకి వచ్చింది. విద్యార్థులు, రేవు కూలీలు, గుమాస్తాలు, చివరికి మా నర్సులు కూడా. తుపాకులు పేలాయి. దేశం అప్పటికే పాతికేళ్ళకు పైగా బయటి లోకానికి తలుపులు మూసుకుని కూర్చుంది. ఇప్పుడు ఊరు కూడా పేటలు పేటలుగా తలుపులు వేసుకుంది. పజుండౌంగ్ పేటలో మా సందుకి రెండు వైపులా వెదురు దడులు కట్టారు. బస్సుల్లేవు, రైళ్ళు లేవు. పక్క పేటలో ఎవరు బతికున్నారో కబురు తెలిసే దారి లేదు. ఆసుపత్రిలో మంచాలు గాయపడిన వాళ్ళకి కావాలి కనుక పాత రోగుల్ని ఇళ్ళకి పంపేశారు. అలా ఇంటికి వచ్చిన వాళ్ళలో మా సందులోనే ఉండే అప్పన్న బాబాయి ఒకడు.

మా సందు కాపలా వాళ్ళు పెట్టిన నియమం ఒకటి ముందే చెప్పేస్తాను, తరవాత పనికొస్తుంది. కొత్తవాళ్ళెవరైనా దడి దాటి చొరబడితే రేకు డబ్బా వాయించాలి. డబ్బా చప్పుడు వినబడితే ఒంట్లో శక్తి ఉన్న ప్రతివాడూ కర్ర పట్టుకుని అటు పరుగెత్తాలి. మిగతా వేళల్లో ఎవరూ డబ్బా ముట్టుకోకూడదు.

అప్పన్న బాబాయికి అరవై నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రేవు పనికి వచ్చినవాడు. ఈయన కూడా రేవులోనే పనిచేసి రిటైరయ్యాడు. మనిషి ఇనప దూలంలా ఉండేవాడు. జూలైలో ఒక పొద్దున్న టీ కొట్టు దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే కుడివైపుకి ఒరిగిపోయాడు. స్ట్రోకు, అంటే పక్షవాతం. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి. మాట కూడా పోయింది. దాన్ని మేం అఫేజియా అంటాం. నోటికి తాళం పడుతుంది కానీ బుద్ధికి పడదు. మనం అన్నది చాలావరకు అర్థమవుతుంది, తిరిగి చెబుదామంటే మాట కుదరదు. అయితే ఒక చిత్రముంది. మాట మెదడులో ఒక పక్క కాపురముంటే, పాట ఎక్కువగా రెండో పక్క ఉంటుంది. అందుకని మంచినీళ్ళు కూడా అడగలేని మనిషి ఒక్కోసారి పాట మాత్రం గడగడా పాడేస్తాడు.

అప్పన్న బాబాయీ పాడేవాడు. ఒకటే పాట. అందులో మాటలు మాకు ఒక్కటీ తెలియవు, ఒక్కటి తప్ప. మాటిమాటికీ "జాలి" అని వచ్చేది. సాగదీసి "జాలియా" అని కూడా వచ్చేది. మా చెవులకి అది "జాలయ్యా" అని వినబడేది. మిగతాదంతా స్ట్రోకు వల్ల చెదిరిపోయిన తెలుగు అనుకున్నాం.

ఆయన భార్య నూకాలమ్మ పిన్ని ఆ మాట వచ్చిందంటే చాలు, కొంగు నోట్లో కుక్కుకునేది.

"సూసినావా సిస్టరమ్మా, జాలి సూపించయ్యా అని దేవుణ్ణి అడుగుతున్నాడు. నాను ఏటి సేసినా జాలి జాలి అంటన్నాడు. ఇంకా ఎంత జాలి పడాలి నాను?"

పాపం, ఆవిడ పడగలిగినంతా పడింది. అన్నం కలిపి ముద్ద ముద్దా నోట్లో పెట్టేది. ఎడం చెయ్యి శుభ్రంగా పనిచేస్తున్నా మంచినీళ్ళు తనే తాగించేది. పక్క మీద తనే దొర్లించేది. మంచం దిగనిచ్చేది కాదు. ఇరుగు పొరుగు వచ్చి కళ్ళు తుడుచుకుని వెళ్ళేవారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆసుపత్రిలో అయితే రోగి ఎంత మొత్తుకున్నా లేపి నిలబెట్టేదాన్ని. ఇక్కడ ఆయన "జాలయ్యా" అని అందుకోగానే నా చేతులు మెత్తబడిపోయేవి. "పోనీలే, ఇవాళ్టికి చాలు" అని సగంలో ఆపేసేదాన్ని. నా నోటు బుక్కులో, ఆయన పేరు కింద, నా చేత్తో నేనే ఇలా రాశాను: "రోగి జాలి కోరుతున్నాడు. మనసు కుంగి ఉంది."

కుంగినవాడికి కోపం రాకూడదా అనుకున్నాను కానీ, ఈయనకి వచ్చే కోపం వేరేగా ఉండేది. పాట పాడతాడు, మేం ఏడుస్తాం, మా ఏడుపు చూసి ఎడం చేత్తో అన్నం గిన్నె విసిరికొడతాడు. ఒకసారి నా కళ్ళజోడు కూడా ఎగిరిపోయింది. స్ట్రోకు వచ్చినవాళ్ళకి ఊరికే ఏడుపూ కోపమూ ముంచుకొస్తాయని పుస్తకంలో ఉంది కదా, అదే ఇదీ అని తేల్చేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా అమ్మ ఊరికే అనేది కాదు.

లోపల మాత్రం నాకు భయం పట్టుకుంది. స్ట్రోకు తరవాత మొదటి మూడు నెలల్లో మనిషిని ఎంత లేపగలిగితే అంత మంచిది. ఆ గడువు దాటాక అసలు లేవరని కాదు కానీ, కీళ్ళు బిగుసుకుంటాయి, మెదడు ఆ కాలుని మరిచిపోతుంది. ఆయనకి అప్పటికే ఏడు వారాలు గడిచాయి. ఇల్లు మూడో అంతస్తులో. నిచ్చెనలా నిటారుగా ఉండే చెక్క మెట్లు. ఇప్పుడు లేవకపోతే ఆ మంచమూ ఆ కిటికీ తప్ప ఆయన మళ్ళీ ఏమీ చూడడని నాకు తెలుసు, పిన్నికీ చెప్పాను. ఆవిడ విననట్టే ఇంకో అన్నం ముద్ద కలిపింది.

రోజూ ప్రయత్నించేదాన్ని. పాత లుంగీని తాడులా పేని ఆయన నడుముకి కట్టి, అది పట్టుకుని, నా మోకాలు ఆయన కుడి మోకాలికి ఆనించి లేపేదాన్ని. మోకాలు మడత పడిపోకుండా అలా ఆనించడాన్ని ఇంగ్లీషులో "నీ బ్లాక్" అంటారు, మోకాలికి అడ్డు అని. లేపి, బర్మాలో "తిత్, హ్నిత్" అని ఒకటీ రెండూ లెక్కపెట్టేదాన్ని. వార్డులో అందరికీ అదే లెక్క. "తిత్" అనగానే బరువు కుడి కాలి మీదకి రావాలి. ఆయన బరువు సగం దూరం వచ్చేసరికి నేను "హ్నిత్" అనేసేదాన్ని. అంతే, కూలబడేవాడు. ఇరవై సార్లు లేపితే ఇరవై సార్లూ అంతే.

సెప్టెంబరు మొదటి వారంలో, మధ్యాహ్నం వేళ, దడి దగ్గర కాపలా ఉండే కో మ్యో మా గుమ్మంలోకి వచ్చాడు. "సయామా," అన్నాడు. బర్మాలో పంతులమ్మనీ నర్సునీ అలాగే పిలుస్తారు. "ఎవరో ముసలాయన. ఇన్సేన్ నుంచి నడిచి వచ్చానంటున్నాడు. నమ్మబుద్ధి కావడం లేదు. మీ భాషలో తిడుతున్నాడు, వచ్చి చూడండి."

వెళ్ళి చూస్తే సాల్మన్ మావ. ఇన్సేన్ రైల్వే వర్కుషాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు, అప్పన్న బాబాయికి యుద్ధం నాటి స్నేహితుడు. మా చర్చికి క్రిస్మసుకి వచ్చేవాడు కనుక నాకు తెలుసు. అరవై ఆరేళ్ళ మనిషి పది మైళ్ళు నడిచి, ఒక్కో దడి దగ్గరా ఒక్కో కథ చెప్పుకుని, ఒక అరటిపళ్ళ అత్తం చంకలో పెట్టుకుని వచ్చాడు.

"అప్పన్న పడిపోనాడని పోయిన వారం ఆ నోటా ఈ నోటా తెలిసింది," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "రైలు ఎప్పుడొస్తాదో తెల్దు. కాళ్ళున్నాయి గదా అని వొచ్చీసినాను."

పైకి తీసుకెళ్ళాను. అప్పన్న బాబాయి ఆయన్ని చూసి ఎడం చెయ్యి చాపాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి. చివరికి ఆ పాటే వచ్చింది. జాలి, జాలియా. నూకాలమ్మ పిన్ని కొంగు అందుకుంది. వెనకాల వచ్చిన పక్కింటి ఆడవాళ్ళిద్దరూ అందుకున్నారు. నాకూ ముక్కు చీదుకోవలసి వచ్చింది.

సాల్మన్ మావ ఒక్క నిమిషం చెవి ఒగ్గి విన్నాడు. తరవాత నవ్వాడు. చిన్న నవ్వు కాదు, మంచం పట్టె పట్టుకుని మరీ నవ్వాడు. పిన్నికి ఒళ్ళు మండింది.

"నవ్వుతావేటి అన్నా? మనిషి జాలి జాలి అని ఏడస్తంటే నవ్వొస్తందా నీకు?"

"ఏడవడం ఏటి సెల్లెమ్మా? సంబరం పాట పాడతంటే మీరంతా కూకుని ఏడస్తన్నారేటి?" అన్నాడు మావ. "అది మన జాలి కాదు. ఆళ్ళ జాలి."

"ఆళ్ళెవులు?"

అప్పుడు చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు ఈ ఊరి తెలుగువాళ్ళు చాలామంది అరకాన్ దారిన నడిచి చిట్టగాంగ్ చేరారు. మా పెద్దవాళ్ళ కథలూ అక్కడే మొదలవుతాయి కనుక అంతవరకు నాకు తెలుసు. ఆ తరవాతది తెలియదు. సాల్మన్ మావా అప్పన్న బాబాయీ అక్కడొక మిలటరీ ఆసుపత్రిలో వార్డు బాయిలుగా చేరారు. అరకాన్ అడవుల్లో పోరాడిన ఆఫ్రికా సిపాయిల్ని గాయాలతో అక్కడికి తెచ్చేవారట. వాళ్ళలో గాంబియా దేశం వాడొకడు, పేరు లామిన్. తొడ ఎముక విరిగి నెలల తరబడి ఆ వార్డులోనే ఉన్నాడు.

"మొదట్రోజే గుండె మీద సెయ్యేసుకుని 'జాలి, జాలి' అన్నాడు," అన్నాడు సాల్మన్ మావ. "ఈ అప్పన్నకి కళ్ళమ్మట నీలొచ్చీసినాయి. పాపం, పరాయి దేశపోడు తెలుగు నేర్చుకుని మరీ జాలి అడుగుతున్నాడు గదరా అని, తన వాటా పాలూ నా వాటా పాలూ తెచ్చి ఆడికి తాగించినాడు. రెండు వారాలు. నాకూ పాలు లేవు, ఈడికీ లేవు. ఆడు మాత్రం నిగనిగలాడిపోనాడు."

మంచం మీద అప్పన్న బాబాయి మూతి సగమే కదులుతుంది, ఆ సగంతోనే నవ్వుతున్నాడు. అన్ని వారాల్లో నేను ఆయన నవ్వు చూడలేదు.

సాల్మన్ మావ మిషన్ బడిలో ఇంగ్లీషు చదివినవాడు. లామిన్‌కీ సిపాయి ఇంగ్లీషు వచ్చు. ఒకనాడు కూర్చుని అడిగితే అసలు సంగతి బయటపడింది. లామిన్ వాళ్ళ మాండింగ్ జాతిలో జాలి అంటే దయ కాదు, ఒక వృత్తి చేసే మనిషి. పాటగాడు, కథకుడు, వంశాలు చదివేవాడు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పని, లామిన్‌కీ అలాగే వచ్చింది. వాళ్ళు చేసే ఆ పనిని జాలియా అంటారు.

"మన రాజులకి భట్రాజులు లేరా? అలగన్నమాట," అన్నాడు మావ. "రాజు పుడితే జాలి పాడాల. రాజు గెలిస్తే జాలి పాడాల. పెళ్ళయితే పాడాల, సస్తే పాడాల. ఊరందరి పేర్లూ ఆడి నోట్లో ఉండాల. ఇలగ తరాలు తరాలు పాడినాక ఆళ్ళకే అనిపించిందంట. అందరికీ మనం పాడతన్నాం, మరి మనకి ఎవులు పాడతారు? అప్పుడు జాలీలంతా ఒక దగ్గర చేరి, ఆళ్ళ కోసం ఆళ్ళే ఒక పాట కట్టుకున్నారు, ఒక ఆట కట్టుకున్నారు. అందులో రాజు లేడు. జాలి గొప్పే ఉంటాది. ఆళ్ళ ఇళ్ళల్లో పెళ్ళయితే పెద్దోళ్ళు లేచి ఆడేది అదే. ఎప్పుడో మొట్టమొదటి మహారాజు నాటిదని లామిన్ అనీవోడు. ఆడు చెప్పిందే నాను చెప్తన్నాను, నానేటి సూసొచ్చినానా?"

ఆ పాటకి చెక్క పలకల వాద్యం వాయిస్తారట. మన పత్తలా లాంటిదే, బర్మావాళ్ళు మేళాల్లో వాయిస్తారే, అది. కాకపోతే పలకల కింద ఆనపకాయ బుర్రలు వేలాడతాయట.

"మన భాషలో జాలి అంటే ఏటో ఆడికి చెప్పినాం," అన్నాడు సాల్మన్ మావ. "కొంచెం సేపు ఆలోచించి, కుట్లు నొప్పెట్టేదాకా నవ్వినాడు. అప్పన్న దగ్గర ఒక తెలుగు ముక్క నేర్చుకున్నాడు. అప్పట్నుంచీ డాక్టరు గానీ దొర గానీ అయ్యో అంటే సాలు, గుండె మీద కొట్టుకుని అనీవోడు, 'జాలి వద్దు. నేనే జాలి.'"

నా చెవులు వేడెక్కాయి. నోటు బుక్కు నా చేతిలోనే ఉంది, అందులో నేను రాసింది నాకే కనబడుతోంది. సంబరం పాట పాడుతున్న మనిషి ఎదురుగా ఇన్ని వారాలూ మేం శోకాలు పెట్టాం. గిన్నె విసిరికొట్టడా మరి?

"మావా," అన్నాను, "ఆ ఆట నీకు వచ్చా?"

"నాకు రాదేటి? లామిన్‌కి కట్టు విప్పినాక నడక నేర్పింది ఎవులనుకున్నావు? ఈ అప్పన్నే. ఆడేమో పాడీవోడు, ఈడు నడుం పట్టుకునీవోడు. ఆ ఆట మీదే నడిపించినాడు. డాక్టర్లు కర్రలిస్తే ఆడు ఇసిరి పారేసినాడు."

ఇక్కడ నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళయినా అది రాస్తుంటే ఇప్పటికీ అలాగే ఉంది. అప్పన్న బాబాయి పాడుతున్నది ఊరికే పాట కాకపోవచ్చు. తనని ఎలా లేపాలో ఆయన మాకు చెబుతూ ఉండి ఉండవచ్చు. నలభై ఏళ్ళ కిందట ఆయన చేసిన నర్సు పని అది. నేను పన్నెండేళ్ళ సర్వీసు అని గొప్పలు పోతున్నాను, నాకంటే ముందు ఆ పని చేసినవాడు మంచం మీద ఉన్నాడు.

"ఒకసారి ఆడి చూపించు మావా," అన్నాను.

పది మైళ్ళు నడిచి వచ్చిన మనిషి, మోకాళ్ళు కిర్రుమంటుండగా లేచాడు. బాబాయి పాడాడు, ఈయన ఆడాడు. గంతులేమీ లేవు. ఒక పాదం ముందుకి. తరవాత ఒళ్ళంతా నిదానంగా ఆ పాదం మీదకి ఒరుగుతుంది, చేతులు రెండు వైపులా విచ్చుకుంటాయి. మళ్ళీ రెండో పాదం. నేను ఆయన చేతులు చూడలేదు, పాదాలే చూశాను. వేళ్ళ మీద లెక్కపెట్టాను. తకిట, తకిట. అది తిశ్రం. మూడు దెబ్బల నడక. మొదటి దెబ్బకి పాదం పడుతుంది, మిగతా రెండు దెబ్బల్లో బరువు ఆ పాదం మీదకి వస్తుంది.

మా వృత్తిలో దీన్ని వెయిట్ షిఫ్ట్ అంటారు, బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మార్చడం. స్ట్రోకు మనిషికి కష్టమంతా అక్కడే. పాదం వేయగలడు, బరువు తేవడానికి వ్యవధి చాలదు. నేను "తిత్, హ్నిత్" అని రెండే లెక్కపెట్టి ఆ వ్యవధి ఇవ్వకుండా లాగేస్తున్నాను. ఆయన ఒంట్లో మూడు దెబ్బలు ఉన్నాయి, నా నోట్లో రెండే ఉన్నాయి. అందుకే ఇరవైకి ఇరవై సార్లూ కూలబడ్డాడు.

"పిన్నీ, ఏదైనా వాయించడానికి ఉందా? బేగి తే," అన్నాను.

పిన్ని కంగారులో చేతికి అందింది తెచ్చింది. బిస్కెట్ల రేకు డబ్బా. సాల్మన్ మావ దాన్ని ఒళ్ళో పెట్టుకుని తకిట తకిట మొదలెట్టాడు. నేను లుంగీ పేని బాబాయి నడుముకి కట్టి, మోకాలికి మోకాలు ఆనించి లేపాను. ఈసారి నేను ఏమీ లెక్కపెట్టలేదు. ఆయన పాడాడు. మొదటి దెబ్బకి కుడి పాదం జరిగింది. రెండో దెబ్బకి ఆయన భుజం నా భుజం మీదకి వచ్చింది. మూడో దెబ్బకి నా మోకాలికి బరువు తగలడం ఆగిపోయింది. ఆయన కుడి కాలు ఆయన్ని మోస్తోంది. నేను చెయ్యి వదల్లేదు కానీ, వదిలినా నిలబడతాడని చేతికి తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడు కింద సందులో గోల మొదలైంది. చెక్క మెట్ల మీద దడదడా అడుగులు. డబ్బా సంగతి మేం అందరం మరిచేపోయాం. తలుపు తన్నుకుని కో మ్యో వచ్చాడు, చేతిలో సూదిగా చెక్కిన వెదురు. వెనక పదిహేను మంది కర్రలతో. మెట్లన్నీ జనం.

"ఎక్కడ? ఎటు పోయారు?" అని అరిచాడు బర్మాలో.

సాల్మన్ మావ డబ్బా వెనక దాచుకోబోయాడు. నూకాలమ్మ పిన్ని తెలుగూ బర్మా కలగలిపి ఏదో చెప్పింది, ఎవరికీ అర్థం కాలేదు. కో మ్యో చూపు గదంతా తిరిగి అప్పన్న బాబాయి మీద ఆగింది. జూలైలో టీ కొట్టు దగ్గర పడిపోతే ఆయన్ని ఆసుపత్రికి మోసుకెళ్ళిన వాళ్ళలో కో మ్యో ఒకడు. ఇప్పుడు ఆ మనిషి రెండు కాళ్ళ మీద నిలబడి, ఎడం చెయ్యి బార్లా చాపి, ఇంత గోలలోనూ పాట ఆపకుండా పాడుతున్నాడు.

కో మ్యో వెదురు గోడకి ఆనించాడు. "సయామా," అన్నాడు మెల్లగా, "ఇంకోసారి నడిపించండి. వెనకాల వాళ్ళకి కనబడలేదు."

ఆ గొడవలు మొదలయ్యాక మా సందులో మంచి వార్త వినబడటం అదే మొదలు. మెట్ల మీద వాళ్ళు పైవాళ్ళని అడిగి కిందకి చెప్పారు, కిందవాళ్ళు దడి దాకా చెప్పారు. డబ్బా మాత్రం కో మ్యో పట్టుకుపోయాడు. ఇకమీదట చప్పట్లు కొట్టుకోమన్నాడు.

తరవాత పది రోజులు నా ఉద్యోగ జీవితంలోకెల్లా ఉత్సాహంగా గడిచిన రోజులు. సాల్మన్ మావ అక్కడే ఉండిపోయాడు. పొద్దున్నా సాయంత్రం పాఠం. చప్పట్లు కొట్టడానికి పోటీలు పడి వచ్చేవారు. బర్మా వాళ్ళు, తెలుగు వాళ్ళు, ఎదురింటి తమిళ దర్జీ కూడా. మూడు దెబ్బలు తప్పితే అప్పన్న బాబాయి కళ్ళెర్రజేసేవాడు. మొదట మంచం నుంచి కిటికీ దాకా. తరవాత గుమ్మం దాకా. మోకాలికి నా ఆసరా తీసేశాను, తరవాత లుంగీ పట్టు కూడా వదులు చేశాను. నూకాలమ్మ పిన్నికి మాత్రం ఒక్కటే కష్టమైంది, చేతులు కట్టుకుని కూర్చోవడం. ఆయన అన్నం ఆయనే ఎడం చేత్తో తింటుంటే, సగం చొక్కా మీద పడుతుంటే, ఆవిడ వంటగదిలోకి వెళ్ళి నిలబడేది.

పదకొండో రోజు సాల్మన్ మావ వెళతానన్నాడు. ఇన్సేన్‌లో కూతురు ఒక్కర్తే ఉంది, ఊళ్ళో మళ్ళీ సైన్యం దిగుతుందని పుకార్లు. వెలుగుండగా చేరాలి. గది గుమ్మంలో అప్పన్న బాబాయి చెయ్యి పట్టుకుని, "ఉంటాన్రా," అన్నాడు. బాబాయి ఆ చెయ్యి వదిలించుకుని మెట్ల వైపు చూపించాడు. తనూ దిగుతానని.

ఇరవై రెండు మెట్లు. మెట్లు దిగడం మేం ఇంకా మొదలెట్టలేదు. మెట్ల మీద కిందకి పడితే తుంటి ఎముక విరుగుతుంది, మళ్ళీ లేవడం ఉండదు. వద్దనాలని నోటిదాకా వచ్చింది. వద్దంటే అదే పాత జాలి అవుతుందేమో అనిపించింది. నేను ఆయనకి ఒక మెట్టు కింద, ఆయన వైపు తిరిగి నిలబడ్డాను, లుంగీ రెండు చేతుల్తో పట్టుకుని. ఆయన ఎడం చెయ్యి గోడ పక్క కర్ర మీద. సాల్మన్ మావ పైనుంచి చప్పట్లు. దిగేటప్పుడు బాగులేని కాలు ముందు, అది మా వృత్తిలో సూత్రం. చెప్పబోయేలోపే ఆయన కుడి పాదం కిందకి పెట్టాడు. ఒకప్పుడు ఇంకొకరికి నేర్పినవాడు కదా.

ఒక్కో మెట్టుకీ మూడు దెబ్బలు. మధ్యలో రెండుసార్లు ఆగాం. నా వీపంతా చెమట. ఆఖరి మెట్టు దగ్గర నూకాలమ్మ పిన్ని ముందే దిగి నిలబడి ఉంది. ఆయన కుడి మోకాలు ఒక్కసారి వణికింది. ఆవిడ ఇక ఉండలేక రెండు చేతులూ చాపి, "అయ్యో," అంటూ ముందుకి వచ్చింది.

"వద్దు," అన్నాడు అప్పన్న బాబాయి.

పాడలేదు. అన్నాడు. స్పష్టంగా, మామూలు గొంతుతో. స్ట్రోకు తరవాత ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. పిన్ని చేతులు చాపినవి చాపినట్టే ఉండిపోయాయి. ఆయన ఆఖరి మెట్టు దిగి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, గోడ కర్ర వదిలేసి, ఎడం చెయ్యి గుండె మీద వేసుకున్నాడు.

"జాలి," అన్నాడు.

సాల్మన్ మావ ఈసారి నవ్వలేదు. టోపీ కళ్ళ మీదకి లాక్కున్నాడు. తరవాత నలుగురం వెదురు దడి దాకా నడిచాం, తకిట తకిట అంటూ. కో మ్యో దడి జరిపాడు. సాల్మన్ మావ రెండు గంటలకే ఎండలో పడి వెళ్ళిపోయాడు, మలుపు తిరిగేదాకా చప్పట్లు కొడుతూనే.

ఆయన క్షేమంగా ఇల్లు చేరాడని మాకు తెలియడానికి ఎన్నో వారాలు పట్టింది. ఆ నెలలోనే సైన్యం మళ్ళీ దిగి దేశాన్ని గుప్పిట్లోకి తీసుకుంది; ఆ తరవాత కాలం ఎలా గడిచిందో ఇక్కడివాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. అప్పన్న బాబాయి ఇంకా ఏడేళ్ళు బతికాడు. ఓ ముప్ఫై మాటలు తిరిగి వచ్చాయి. రోజూ దిగి టీ కొట్టుకి వెళ్ళేవాడు. చాలా ఏళ్ళకి ఇంటర్నెట్ వచ్చాక మా మేనకోడలి చేత ఆ పాట గురించి వెతికించాను. పుట్టుక ఎక్కడా అంటే తలో కథా చెబుతున్నారట అక్కడివాళ్ళు. ఒకరు ఫలానా రాజు కొలువంటారు, ఒకరు ఫలానా ఊరంటారు. అది జాలీలు తమ కోసం కట్టుకున్నదనడంలో మాత్రం తగువు లేదట. లామిన్ అబద్ధం చెప్పలేదన్నమాట.

ఆ రోజు దడి దగ్గర నుంచి వచ్చాక నోటు బుక్కు తీసి, "రోగి జాలి కోరుతున్నాడు" అన్న వాక్యం కొట్టేశాను. చింపలేదు. రిటైరయ్యేదాకా కొత్త నర్సులకి ఆ పేజీ చూపించి ఒకటే చెప్పేదాన్ని. రోగి నోట ఏ మాట వస్తే ఆ మాట రాయండి, మీకు ఎంత తెలిసిన మాటయినా సరే. అర్థం రాసే చోటు మాత్రం ఖాళీగా ఉంచండి. ఆ అర్థం తెలిసినవాడు ఇన్సేన్ నుంచి నడిచి వస్తూ ఉండవచ్చు.